బిడ్డ తొలియేటి పండుగలు



అరసవల్లి సూర్యనారాయణస్వామివారి సన్నిధిలో ఆదివారము ఉదయమున కొంతసేపు కూర్చుండినచో, చంటిబిడ్డలను ఒడిలో పెట్టుకొని వచ్చు దంపతులు తప్పక కంటబడుదురు. బిడ్డ నుదుట కుంకుమ, బుగ్గపై దిష్టిచుక్క, కాళ్ళకు చిన్న మువ్వలు. "ఎన్నవ నెల, తల్లీ?" యని మేము అడుగుట కలదు. "మూడు వెళ్ళి నాలుగు వచ్చినది" యని ఒకరు, "ఆరు నిండబోవుచున్నవి" యని మరియొకరు చెప్పుదురు. వేరే వయస్సు ఎవరిదైనను సంవత్సరములలో చెప్పుదుము. చంటిబిడ్డ వయస్సు మాత్రము నెలలలో, తొలిదినములలోనైతే రోజులలో చెప్పుదుము. ఆ లెక్క తల్లి నాలుక చివరనే ఉండును. ఎందుకనగా ఆ ఒక్క యేడాదిలో మనుష్యుడు చేసినంత ప్రయాణము తరువాత ఎన్నడును చేయడు.

బిడ్డను తొలిసారి ఇల్లు దాటించి సూర్యదర్శనము చేయించుటకు నిష్క్రమణమని పేరు. మనుస్మృతి దానికి నాలుగవ మాసమును చెప్పినది. ప్రత్యక్షభగవానుడు కొలువున్న అరసవల్లి మనకు చేరువనున్నది గనుక, ఈ శ్రీకాకుళ, విజయనగర మండలముల వారికి ఆ సంస్కారము జరుపుకొనుటకు ఇంతకంటె తగిన చోటు లేదు. తూర్పు గాంగవంశపు దేవేంద్రవర్మ 7వ శతాబ్దమున కట్టించెనని చెప్పబడు ఈ ఆలయమున, ఏటేట మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని దినములు ఉదయకిరణములు ద్వారములు దాటివచ్చి స్వామి పాదములను తాకును. ఆ దృశ్యమును చూచుటకు వేలాదిమంది వత్తురు. బిడ్డ విషయమున సంగతి తారుమారు. సూర్యుడు బిడ్డను చూచుటకు రావలసిన పనిలేదు, బిడ్డ సూర్యుని చూచుటకు ఇంటినుండి బయలుదేరినది.

మన ఇండ్లలో బిడ్డ తొలియేటిని కొలుచుటకు రెండు పంచాంగములు కలవు. ఒకటి శాస్త్రము వ్రాసినది. జాతకర్మ పుట్టిన వెంటనే, నామకరణము పదియవ లేక పండ్రెండవ దినమున, నిష్క్రమణము నాలుగవ మాసమున, అన్నప్రాశనము ఆరవ మాసమున, చౌలము మొదటి లేక మూడవ సంవత్సరమున. రెండవది మన స్త్రీలు వ్రాయకయే నడిపించినది. బిడ్డ నవ్వినచో నువ్వుండలు, బోర్లపడినచో బొబ్బట్లు, పాకినచో పాకుండలు, గడప దాటినచో గారెలు, అడుగులు వేసినచో అరిసెలు, ముద్దుపలుకులకు పంచదార చిలకలు. ఊరూరికి వంటకము కొంత మారును, వరుస మారును, కాని పద్ధతి ఒక్కటే. ఇరుగుపొరుగు ఇండ్లకు ఆ పిండివంటలు పంచిపెట్టి "మా బిడ్డ ఇది సాధించినది" యని చాటుదురు. (ఇవి ఇరుగుపొరుగుకే గాని బిడ్డకు పెట్టుటకు గాదని చెప్పనవసరము లేదనుకొందుము. అయినను చెప్పుచున్నాము.)

ఈ రెండు పంచాంగములకు ఒక భేదము కలదు. శాస్త్రము మాసమును చూచును, స్త్రీల పంచాంగము బిడ్డను చూచును. అన్నప్రాశనమునకు ముహూర్తము పెట్టవచ్చును గాని, బోర్లపడుటకు పురోహితుడు ముహూర్తము పెట్టలేడు. బిడ్డ బోర్లపడిన దినమే ముహూర్తము. మాసము వచ్చినది, బిడ్డ ఆ పని చేసినదా, లేదా? ఈ రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే పెద్దల అభిప్రాయమని మా నమ్మకము. అది మరచి, పండుగ మిగిల్చుకొని, చూపు వదలుకొన్న ఇండ్లు మేము ఎన్నో చూచితిమి. మా ఇల్లు కూడ అందులో ఒకటి. ఆ సంగతి తరువాత చెప్పుదుము.

మొదట జాతకర్మ. ఇందులో మేధాజననమను భాగము కలదు. బంగారముతో తేనెయు నెయ్యియు బిడ్డ నాలుకకు తాకించుట దాని విధి. ఆ మంత్రముల గంభీరతను గూర్చి మాట్లాడుటకు మేము చాలము. కాని తేనె విషయమున నేటి వైద్యులు చెప్పు మాట స్పష్టముగా చెప్పవలెను. తేనెలో క్లాస్ట్రీడియము బొటులినమను సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. పెద్దల ప్రేగులు వాటిని సహించును. ఏడాది నిండని శిశువు ప్రేగులలో అవి మొలకెత్తి విషమును పుట్టించి, కండరములను చచ్చుపడజేయగలవు. కావున సంవత్సరము నిండువరకు తేనె చుక్కయైనను బిడ్డ నోట వేయరాదు. మంత్రము మంత్రమే. తేనె పాత్రను బిడ్డ చెంత ఉంచి, బంగారపు ఉంగరమును బిడ్డ హస్తమునకు తాకించి జరిపించు పురోహితులు ఉన్నారు. మీ ఇంటి పురోహితునితో ముందుగా మాట్లాడుకొనుడు. బిడ్డ మేలు కోరి చేయు కర్మ బిడ్డకు కీడు చేయరాదను మాటను ఏ పండితుడును కాదనడు.

అంతకంటె పెద్ద తప్పు ముర్రుపాల విషయమున జరుగుచు వచ్చినది. తొలి రెండు మూడు దినములు పసుపుపచ్చగా, చిక్కగా వచ్చు ఆ పాలను "చెడ్డపాలు" అని పిండి పారబోసి, బిడ్డకు పంచదార నీళ్ళో, ఆముదపు చుక్కలో పోసిన తరములు మన ప్రాంతమున ఉన్నవి. ఆ పాలే బిడ్డకు తొలి రక్ష. రోగములను ఎదిరించు పదార్థములు అందులో మెండు. పుట్టిన గంటలోపుననే బిడ్డను రొమ్మునకు చేర్చవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరు కూడ అక్కరలేదు, వేసవిలోనైనను. ఆవును పూజించు మనము దూడకు జున్నుపాలు దక్కకుండ చేయుట పాపమందుము. మన దూడ సంగతి వచ్చుసరికి ఆ జ్ఞానము ఏమైపోవుచున్నదో!

బారసాల సంగతి అందరికి తెలిసినదే. పురుడు వెళ్ళిన పిమ్మట పదునొకండవ దినమునో, ఇరువదియొకటవ దినమునో బిడ్డను ఊయలలో వేసి, బియ్యముపై పేరు వ్రాసి, చెవిలో చెప్పుదురు. ఇక్కడ ఒక్క మాట. పేరు చెవిలో చెప్పుట ఊరక పెట్టిన నియమము కాదు. మాట చెవిద్వారా లోనికి పోయి నోటిద్వారా బయటికి వచ్చునని మన పెద్దలు ఎరుగుదురు. బిడ్డకు మాటలు త్వరగా వచ్చుటకు వసకొమ్ము అరగదీసి నాకించు అలవాటు నేటికిని కలదు. వస వలన మాట రాదు. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మ, తాతలు బిడ్డ ముఖమునకు ముఖము పెట్టి పలుమారు మాటలాడుట వలన వచ్చును. ఆ మాటలు బిడ్డకు వినబడుట వలన వచ్చును.

రెండవ నెలలో నువ్వుండల పండుగ. నిద్రలో నవ్వు నవ్వు కాదు. దానిని "దేవుడు నవ్వించినాడు" అందురు. తల్లి ముఖము చూచి, ఆ ముఖమునకు బదులుగా నవ్విన నవ్వే నవ్వు. అది సాధారణముగా రెండు నెలల ప్రాంతమున వచ్చును. మూడు నెలలు నిండినను బిడ్డ ఎవరి ముఖము చూచియు నవ్వకున్నచో, చూపు ముఖముపై నిలువకున్నచో, ఒకమారు వైద్యునికి చూపవలెను.

నాలుగవ నెలలో నిష్క్రమణము. మెడ నిలిచిన బిడ్డనే బయటికి తీసికొని పోవుట సులువు. శాస్త్రము నాలుగవ మాసము చెప్పుటలో ఈ వివేకము ఉన్నదేమో! స్వామి గర్భగుడి ముందు దీపము వెలుగుచుండ, బిడ్డ తల నిలిపి, కన్నులు ఆ దీపమువైపు త్రిప్పి, దీపము కదలినచోట చూపు కదిలించుట చూడుడు. అది చూచుటకే ఆ సంస్కారమని అనుకొన్నను తప్పు లేదు. సూర్యదర్శనమనగా లేత ఎండలో క్షణకాలము, అంతే. ఎండలో బిడ్డను గంటలకొలది పరుండబెట్టరాదు. పుట్టిన బిడ్డకు ఒళ్ళు పచ్చబడినచో ఎండలో పెట్టి ఊరకుండుట మరింత ప్రమాదము. మొదటి దినముననే పచ్చదనము కనిపించినను, అరికాళ్ళవరకు వ్యాపించినను, బిడ్డ పాలు త్రాగక మగతగా ఉన్నను అది ఆసుపత్రిలో నీలికాంతి క్రింద ఉంచవలసిన స్థితి. ఎముకల బలమునకు డి విటమిను చుక్కలు మొదటి యేడంతయు ఇవ్వవలెనని మన దేశపు శిశువైద్యుల సంఘము చెప్పుచున్నది.

ఇక బోర్లపడుట. ఇది స్త్రీల పంచాంగమునకే చెందినది, శాస్త్రమున లేదని తలచువారు శ్రీమద్భాగవతము దశమస్కంధము చూడవలెను. బాలకృష్ణుడు శయ్యపై తొలిసారి ప్రక్కకు ఒత్తిగిల్లిన దినమున, జన్మనక్షత్రము కూడ కలిసిరాగా, యశోద వ్రేపల్లె స్త్రీలనందరిని పిలిచి వేడుక చేసినది. వ్యాసభగవానుడు ఆ వేడుకకు ఔత్థానికమని పేరుపెట్టెను. పోతనామాత్యుడు దానిని తెలుగువారి ఇంటిలోనికి తెచ్చెను. పరమాత్మ బోర్లపడుట కూడ పండుగయే అయినప్పుడు మన బొబ్బట్లకు సిగ్గుపడనేల?

అయితే ఆ కథ వేడుకతో ముగియలేదు. యశోద బిడ్డకు స్నానము చేయించి, నిద్రబుచ్చి, బండి క్రింద పరుండబెట్టి, వచ్చినవారిని సత్కరించుటలో మునిగిపోయినది. బిడ్డ పాలకొరకు ఏడ్చినాడు. అతిథుల కోలాహలములో తల్లికి వినబడలేదు. బిడ్డ కాలు తన్నెను, బండి తలక్రిందులై విరిగిపోయెను. శకటాసురభంజనమని మనము ఆ లీలను కీర్తింతుము. కీర్తింపదగినదే. కాని ఒక్కసారి యశోద స్థానమున నిలిచి చూడుడు. బిడ్డ కదలుట నేర్చినందుకు పండుగ, ఆ పండుగ సందడిలోనే కదలుట నేర్చిన బిడ్డను ఒంటిగా వదలుట. మన ఇండ్లలో కూడ ఇదియే జరుగుచున్నది. నిన్నటివరకు మంచముపై ఉంచినచోట ఉన్న బిడ్డ నేడు దొర్లి క్రింద పడును. నాలుగైదు నెలల బిడ్డను మంచముపై ఉంచి "ఇప్పుడే వచ్చెదను" అని పొయ్యి దగ్గరకు పోరాదు. చాపపై, నేలపై పరుండబెట్టుడు. అక్కడనుండి పడుటకు చోటు లేదు. మన బిడ్డలు బండిని తన్నగలవారు కారు గదా!

ఇప్పుడు అన్నప్రాశనము. ఇది తొలియేటి సంస్కారములలో రాజువంటిదని మా అభిప్రాయము. ఇక్కడ శాస్త్రము, వైద్యము, బిడ్డ మూడును ఒకే మాట చెప్పుచున్నవి. మనువు ఆరవ మాసమన్నాడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు పై ఆహారము మొదలుపెట్టుమన్నది. బిడ్డ మాత్రము కొద్దిగా ఆధారముతో కూర్చుండి, మనము తినుచుండగా మన చేతినుండి నోటివరకు చూపు త్రిప్పి, తానును నోరు తెరచి తన మాట చెప్పును. నేపాలమున లభించిన తాళపత్రప్రతి ఆధారముగా 1938లో అచ్చయిన కాశ్యపసంహిత, మన ప్రాచీన శిశువైద్య గ్రంథము, బిడ్డను నేలపై కూర్చుండబెట్టుటను కూడ ఒక సంస్కారముగా చెప్పి, ఎక్కువసేపు కూర్చుండబెట్టరాదని హెచ్చరించినది. నడుము నిలువని బిడ్డను దిండ్లు చుట్టి గంటలకొలది కూర్చుండబెట్టి ఫోటోలు తీయు నేటివారు దానిని వినవలెను.

ఆనాడు బిడ్డ ముందు పుస్తకము, కలము, బంగారము, పువ్వు, అన్నము, కత్తి ఉంచి దేనిని పట్టునో చూతురు. పుస్తకము పట్టినచో పండితుడు, బంగారము పట్టినచో ధనవంతుడు అని మురియుదురు. మేము ఇట్టి వేడుకలలో ఎన్నోసారులు కూర్చుండి ఒక సంగతి గ్రహించితిమి. బిడ్డ ఏది పట్టినను ఒకటియే. పట్టినదా లేదా అనునదే చూడవలసినది. వస్తువును చూచినదా? దానికై చేయి చాచినదా? రెండు చేతులను సమానముగా వాడుచున్నదా, లేక ఒక చేయి ఎల్లప్పుడును పిడికిలి బిగించియే యున్నదా? పట్టినదానిని ఒక చేతినుండి మరియొక చేతికి మార్చినదా? (కత్తి మాత్రము మొద్దుది పెట్టుడు, లేదా మానుడు.)

పెట్టు అన్నము సంగతి. మెత్తగా ఉడికిన అన్నము, పెసరపప్పు కట్టు, చుక్క నెయ్యి. పాయసముతో ఆరంభించుట ఆచారము గనుక నాలుకకు తాకించుడు. నిత్యాహారమున పంచదార, ఉప్పు కలుపనక్కరలేదు. మొదట రెండు మూడు చెంచాలు, తరువాత దినమునకు రెండు మూడు పూటలు, ఎనిమిది తొమ్మిది నెలలకు అరగిన్నె వంతు. గంజినీళ్ళవలె పలుచనిది పెట్టినచో కడుపు నిండును గాని ఒళ్ళు రాదు. చెంచా వంచినను వెంటనే జారిపోనంత చిక్కదనము ఉండవలెను. మన మండలములలో చోళ్ళు పండును. చోళ్ళను మొలకెత్తించి, వేయించి, విసరి చేసిన జావ బిడ్డకు మేలైన ఆహారము. అరటిపండు, ఉడికించిన గుమ్మడి, ఆకుకూర మెత్తగా చిదిమి పెట్టవచ్చును. గ్రుడ్డు తిను ఇండ్లవారు గ్రుడ్డు పెట్టవచ్చును. ఆవుపాలు, గేదెపాలు ఏడాది నిండువరకు ప్రధానాహారము కారాదు. వాటితోనే పెరిగిన బిడ్డకు రక్తహీనత కలుగును. అన్నప్రాశనము ఘనముగా చేసి, ఆ మరునాటినుండి తొమ్మిదవ నెలవరకు మరల పాలే ఇచ్చు ఇండ్లు కలవు. ముహూర్తము దాటినది గాని బిడ్డ ఆకలి దాటలేదు.

మా ఇంటి సంగతి చెప్పెదమంటిమి. పదునైదేండ్ల క్రిందటిమాట. మా బంధువులలో ఒక ఆడబిడ్డకు అన్నప్రాశనము. హారతి ఇచ్చునప్పుడు గంట గట్టిగా మ్రోగినది. చుట్టునున్న పిల్లలందరు అటు చూచిరి. బిడ్డ మాత్రము ఎదుటనున్న పువ్వునే చూచుచుండెను. ఆ బిడ్డ ముత్తవ్వ, చదువు రాని ముసలమ్మ, మూలనుండి "ఓలమ్మా, గుంటకి సప్పుడినబడతాదేటే? గంటకి తిరగనేదు" అనెను. మేము నవ్వితిమి. "నిద్రమత్తులో ఉన్నది అవ్వా" అంటిమి. తరువాత ఆమె మరల మరల అడిగినను "తండ్రికి కూడ మాటలు ఆలస్యముగనే వచ్చినవి, ఆడపిల్ల త్వరగనే నేర్చును" అని సర్దిచెప్పినది మేమే. బిడ్డ ఆరోగ్యముగా ఉండెను, చక్కగా నవ్వెను, తగిన కాలమునకు నడచెను. రెండేండ్లు దాటినను "అమ్మ" యన్న మాట రాలేదు. అప్పుడు పరీక్ష చేయించిరి. రెండు చెవులును పుట్టుకనుండి వినబడవని తేలెను. చికిత్స దొరికినది. బిడ్డ నేడు బడికి పోవుచున్నది, మాటలాడుచున్నది. కాని ఒక్కొక్క మాటకు ఆ తల్లి పడిన శ్రమ మాకు తెలియును. ముత్తవ్వ మాట ఆ దినముననే విని యుండినచో ఆ శ్రమలో చాల భాగము తప్పియుండును. ఆమె ఇప్పుడు లేదు. ఆమె ముందు తప్పు ఒప్పుకొను అవకాశము మాకు కలుగలేదు.

వినికిడి విషయమున వైద్యులు ఒక లెక్క చెప్పుదురు. ఒకటవ నెలలోపు పరీక్ష, మూడవ నెలలోపు నిర్ధారణ, ఆరవ నెలలోపు చికిత్సకు ఆరంభము. అనగా అన్నప్రాశనము నాటికే సంగతి తేలిపోవలెను. మాట నేర్చు మెదడు తొలి యేండ్లలోనే మాటకై ఎదురుచూచును. ఎదురుచూచి ఎదురుచూచి విసుగుచెందిన పిమ్మట దానిని ఒప్పించుట కష్టము. మన ప్రాంతమున మేనరికములు ఎక్కువ. మేనమామను, మేనబావను పెండ్లాడిన ఇండ్లలో పుట్టుచెవుడు కలుగు అవకాశము హెచ్చు. అట్టి ఇంట బిడ్డ పుట్టినచో గంటకు తిరుగువరకు వేచియుండక, పుట్టిన ఆసుపత్రిలోనే చెవిపరీక్ష అడుగుడు. చెవి లోపల అమర్చు యంత్రము లక్షల ఖర్చుతో కూడినది. 2007లో మన రాష్ట్రమున మొదలైన ఆరోగ్యశ్రీ పథకము చిన్నబిడ్డలకు ఆ శస్త్రచికిత్సను పేదల అందుబాటులోనికి తెచ్చినది.

ఇంత చెప్పగా కొందరు తల్లులు భయపడుదురు. ఎదురింటి బిడ్డ ఏడవ నెలలో పాకెను, మా బిడ్డ ఇంకను కూర్చుండియే యున్నది అని కన్నీరు పెట్టుకొందురు. అట్టి తల్లులకు ధైర్యము చెప్పు లెక్క కూడ కలదు. భారతదేశము, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో ఆరోగ్యవంతులైన బిడ్డలను ఇండ్లకు వెళ్ళి నెలనెల చూచి, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో ఒక లెక్క ప్రకటించెను. ఆధారము లేకుండ కూర్చుండుట ఒక బిడ్డకు నాలుగవ నెల సమీపమున వచ్చినచో, మరియొక బిడ్డకు తొమ్మిది దాటిన పిమ్మట వచ్చినది. తనంత తాను నడచుట ఒకరికి ఎనిమిది నెలలకు, మరియొకరికి పదునేడు నెలలు దాటిన తరువాత. అందరును ఆరోగ్యవంతులే. నూటికి నలుగురు బిడ్డలు చేతులు మోకాళ్ళపై పాకనే లేదు. కొందరు కూర్చుండియే జరిగిరి, కొందరు నేరుగా లేచి నిలిచిరి. శ్రీకూర్మక్షేత్రమున ఆలయ ఆవరణలో నక్షత్రపు తాబేళ్ళను చూచి చంటిబిడ్డలు కేరింతలు కొట్టుట మేము చూచితిమి. ఆ కూర్మములవలె నాలుగింటిపై నడచువారే బిడ్డలని నియమము లేదు. పాకుండలు వండుటకు నోచుకోలేదని బాధపడవలదు.

నెల తక్కువలో పుట్టిన బిడ్డలకు మరియొక లెక్క. ఏడవ నెలలో పుట్టిన బిడ్డ వయస్సును పుట్టిన దినమునుండి గాక, పుట్టవలసిన దినమునుండి లెక్కింపవలెను. టీకాలకు మాత్రము పుట్టిన దినమే లెక్క.

అయితే ఆలస్యమునకు ఒక హద్దు కలదు. అయిదు నెలలు నిండినను మెడ నిలువని బిడ్డ, తొమ్మిది పది నెలలకు కూర్చుండని బిడ్డ, తొమ్మిది నెలలకు పేరు పిలిచినను తిరుగని బిడ్డ, ఏడాదికి "బబబ", "దదద" అను ధ్వనులును చేయని బిడ్డ, ఒళ్ళంతయు కట్టెవలె బిగుసుకొను బిడ్డ, గుడ్డపీలికవలె జారిపోవు బిడ్డ. వీరిని చూపవలెను. అన్నిటికంటె ముఖ్యము, వచ్చిన విద్యను మరచిపోవు బిడ్డ. నిన్న కూర్చుండి నేడు కూర్చుండలేకపోయినచో, నిన్న పలికి నేడు పలుకకున్నచో ఒక్క దినమైనను ఆగరాదు.

ఇట్టివేళ మన ప్రాంతమున మొదట వినబడు మాట మొక్కు. విజయనగరమున పైడితల్లి అమ్మవారికి, విజయదశమి వెళ్ళిన మంగళవారము సిరిమాను నాటికి ఇది సమర్పింతుమని మ్రొక్కుకొందురు. మ్రొక్కుకొనుడు. మేము కాదనము. అమ్మవారు మ్రొక్కు తీర్చు దినమువరకు బిడ్డను ఇంటనే ఉంచుమని మాత్రము ఎన్నడును చెప్పలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకము వలన ఊరూర అంగన్‌వాడీ వచ్చినది. అక్కడ ఇచ్చు తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో బరువు గీత ప్రక్కనే, బిడ్డ ఏ నెలకు ఏమి చేయవలెనో బొమ్మలతో అచ్చువేసి యున్నది. ఆ కార్డును బీరువాలో జాతకచక్రముతో పాటు దాచువారే గాని చదువువారు తక్కువ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు వచ్చి బిడ్డలను పరీక్షింతురు. లోపము కనిపించినచో జిల్లా స్థాయి కేంద్రమునకు పంపుదురు. ఖర్చు లేదు. 2022 ఏప్రిలులో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా కొండలమీది సవర, జాతాపు గూడెములవారికి ఆ బృందము రాకయే పెద్ద ఆధారము. మైదానపు ఊళ్ళవారికి అంత దూరము లేదు, సాకు మాత్రమే ఉన్నది.

టీకాల విషయమును ఒక్క మాటలో ముగింతుము. పుట్టినప్పుడు, తరువాత నెలన్నరకు, రెండున్నరకు, మూడున్నరకు, మరల తొమ్మిది నిండిన పిమ్మట తట్టు, రుబెల్లా టీకా. తట్టును "అమ్మవారు పోసినది" యని వేపమండలతో విసరి ఊరకుండిన కాలము పోవలెను.

పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టుట తొలియేటనే చేయువారు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. బిడ్డ నడినెత్తిన మాడు మెత్తగా ఉండును. అది ఎముక పూడని చోటు, సాధారణముగా ఏడాదిన్నర లోపున పూడును. మంగలి చేతిలో క్రొత్త బ్లేడు ఉన్నదా యని అడుగుట అవమానము కాదు. చెవికుట్టు సూదికి కూడ అంతే. విరేచనములైన బిడ్డకు మాడు లోపలికి గుంటపడినచో "మాడు దిగినది" అని ఆముదము పెట్టి ఊరకుందురు. ఆముదము వలన కీడు లేదు, మేలును లేదు. ఒంటిలో నీరు తగ్గినదను గుర్తు అది. వెంటనే ఓఆర్‌ఎస్ ద్రావణము పట్టించుచు వైద్యుని కడకు పోవలెను. కంటిలో కాటుక వలదు. దిష్టికి బుగ్గమీద చుక్క చాలును.

తొమ్మిదవ నెల దాటగానే ఇంటిలో క్రొత్త యుగము మొదలగును. చిటికెనవేలంతటి మరమరమును బొటనవ్రేలు చూపుడువ్రేళ్ళ నడుమ పట్టి ఎత్తును. ఆ పట్టు వచ్చిన దినమునుండి నేలపై బొత్తాము, వేరుశనగగింజ, నాణెము ఉండరాదు. క్రొత్తవారిని చూచి ఏడ్చును. "బిడ్డకు మా మీద ప్రీతి లేదు" అని బంధువులు నొచ్చుకొందురు. బిడ్డ తనవారిని, పరులను వేరుపరచుట నేర్చినది, అంతే. నమస్కారము పెట్టుమన్న పెట్టును, "స్వామి ఏడీ?" అన్న పటమువైపు చూచును. మాటకంటె ముందు వచ్చు మాట ఇది.

పిమ్మట గడప. పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టిన గడపను బిడ్డ రెండు చేతుల ఆని, ఒక మోకాలు దాటించి, రెండవది దాటించలేక ఏడ్చి, చివరకు అవతలికి బొక్కబోర్ల పడును. గారెలు వండు దినము అదే. ఆ మరునాటినుండి నూతికి మూత, నీళ్ళ తొట్టికి మూత, వీధితలుపుకు గడియ ఉండవలెను. నీటి బక్కెట్టులో జానెడు నీరున్నను తలక్రిందులైన బిడ్డ పైకి లేవలేదు.

అబ్దపూర్తినాడు ఆయుష్యహోమము చేసి మార్కండేయుని పూజింతురు. ఆనాటికే బిడ్డ నడచియుండవలెనను నియమము లేదు. పెద్దలలో ఈ నడక పండుగకు అంత విలువ ఎందుకో నేటి తల్లులకు తెలియకపోవచ్చును. నడక నేర్చి, ఒక జ్వరముతో కాలు చచ్చుపడిన బిడ్డలను మా తరమువారు వీధివీధిన చూచితిమి. పోలియో చుక్కలు ఇంటింటికి వచ్చిన పిమ్మట ఆ దృశ్యము మాయమైనది. 2011 జనవరి తరువాత మన దేశమున ఆ వ్యాధి సహజముగా సోకినవారు లేరు. 2014 మార్చి 27న భారతదేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడెను.

అడుగుల పండుగనాడు చాపపై తెల్లని వస్త్రము పరచి, అరిసెలను వరుసగా పేర్చి, మేనమామ చేయి పట్టి బిడ్డను వాటిపై నడిపింతురు. బిడ్డ ఒక అడుగు వేయును, రెండవ అడుగునకు ముందే కూర్చుండి, కాలిక్రింద విరిగిన అరిసె ముక్కను తీసి నోట పెట్టుకొనును. నాయనమ్మ లాగివేయును. బిడ్డ ఏడ్చును. మరల లేపి నిలబెట్టుదురు.